జనుము మోపుల దగ్గర ఖోఖో

పోయిన నెల శ్రీకాకుళంలో కొత్త టీచర్ల శిక్షణకి నన్ను పిలిచారు. గొంతు చెడిపోయి ముందుగానే ఉద్యోగం మానుకున్నవాణ్ని కాబట్టి పాఠం చెప్పమని కాదు, ముందు వరసలో కూర్చుని చివర్లో నాలుగు మంచి మాటలు చెప్పమని. నా వంతు రాకముందే ఒక టీచరమ్మాయి లేచి, పిల్లల్ని ప్రకృతికి దగ్గర చేయడానికి ఉదాహరణగా ఒక కథ చెప్పింది. అది నా కథే. ఆ కథలోని మేష్టారు ఎదురుగా కూర్చుని ఉన్నాడని ఆమెకి తెలియదు.

"సముద్రం దగ్గర ఒక బడిలో ఒక సైన్సు మేష్టారు సీతాకోకచిలుకల తోట వేయించారండి. ఎండిన జనుము మీదకి అవి గుంపులుగా వస్తాయని ఆయనకి ముందే తెలుసు. అందుకని కోసిన జనుము మోపుల్ని కంచెకి ఆనించి ఉంచారు. అదే బడిలో డ్రిల్లు మేష్టారు దాన్ని చెత్త అనుకుని సగం తగలబెట్టేశారు. సైన్సు మేష్టారు అడ్డుపడి మిగతా సగం కాపాడారు. తెలియకపోతే మనం కూడా ఆ డ్రిల్లు మేష్టారిలాగే చేస్తాం!"

హాలంతా నవ్వింది. తర్వాత చప్పట్లు. పక్కవాళ్లు కొడుతుంటే నేనూ కొట్టాను. మైకు చేతికొచ్చాక గొంతు బాగోలేదని సైగ చేసి, దండం పెట్టి దిగిపోయాను. గొంతు నిజంగానే బాగోలేదు. కానీ అరసవల్లి వెళ్లే ఆటోలో కూర్చున్నాక అది సాకు అని నాకే తెలిసింది.

ఆ కథలో తోట నిజం. జనుము నిజం. సీతాకోకచిలుకలు నూటికి నూరుపాళ్లు నిజం. మనుషులే తారుమారయ్యారు. అగ్గిపుల్ల గీసింది నేను. అడ్డుపడింది డ్రిల్లు మేష్టారు, ఆయనతోపాటు ఎనిమిదో తరగతి పిల్లలు. ఇన్నేళ్లుగా ఆ కథ తలకిందులుగానే తిరుగుతోంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీరు రేపు మీ బడిలో దాన్ని మళ్లీ చెప్పేలోగా సరిచేయడం నా పని.

ఆ బడి కళింగపట్నానికి దగ్గర్లో, వంశధార సముద్రంలో కలిసే వైపు ఉంటుంది. వేటకి వెళ్లే ఇళ్ల పిల్లలు ఒడ్డు నుంచి నడిచి వచ్చేవారు. వరి పండించే ఊళ్ల పిల్లలు లోపలి నుంచి బస్సులో వచ్చేవారు. నేను చేరేటప్పటికి వీళ్లది ఒక వరస, వాళ్లది ఒక వరస. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు, ఎవరూ మార్చమనీ చెప్పలేదు. నేను జీవశాస్త్రం చెప్పేవాణ్ని. పుస్తకంలో సీతాకోకచిలుక జీవితచక్రం బొమ్మ వస్తే బోర్డు మీద రంగు సుద్దలతో గొప్పగా వేసేవాణ్ని. దాని గుడ్డు ఎలా ఉంటుందో కళ్లారా చూసినవాళ్లు ఆ తరగతిలో ఎవరూ లేరు, నాతో సహా.

తోట ఆలోచన మాత్రం నాదే, అంతవరకు ఒప్పుకుంటాను. నర్సరీ నుంచి పూల మొక్కలు తెప్పించాను. ఎర్రవి, పసుపువి, ఊదావి. సీతాకోకచిలుకలు వచ్చాయి, తేనె తాగాయి, వెళ్లిపోయాయి. తర్వాత ఉప్పుగాలికి మొక్కలు కూడా వెళ్లిపోయాయి. పెద్ద మేడం, అంటే మా హెడ్‌మిస్ట్రెస్, వరండాలోంచి ఆ ఎండిన మళ్లని రోజూ చూసేవారు. ఏమీ అనేవారు కాదు. అందుకే ఎక్కువ బాధ.

అప్పుడు పుస్తకాలు తిరగేశాను. పూలు పెద్ద సీతాకోకచిలుకకి భోజనశాల లాంటివి, అది గుడ్లు పెట్టేది మాత్రం తన పిల్ల తినే ఆకు మీదేనని అప్పుడు తెలిసింది. ఒక్కో రకానికి ఒక్కో చెట్టు. నిమ్మ, కరివేపాకు, ఆముదం, జిల్లేడు, ఇలా. స్టాఫ్ రూములో ఈ మాట చెబితే డ్రిల్లు మేష్టారు టీ తాగుతూ అన్నారు:

"ఇవన్నీ మన పెరట్ల చెట్లే కదా మేస్టారూ. నర్సరీకి ఎందుకేటి ఎల్లడం? ఇంటికొక మొక్క తెమ్మని తరగతిల గుంటలకి సెప్పండి. ఆ మొక్క ఆలింట్ల ఎందుకున్నాదో కూడా అడిగి రమ్మనండి."

ఆయనది పాతపట్నం వైపు వ్యవసాయ కుటుంబం. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుండేది. ఆ మాట ఆయన ఊరికే అన్నారు, నేను గట్టిగా పట్టుకున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు వాడిన మొక్క ఒకటి తీసుకురండి, దాని కథ చెప్పండి అని ఎనిమిదో తరగతికి చెప్పాను.

వారం తిరిగేసరికి బడికి పెరళ్లు నడిచొచ్చాయి. ఒకమ్మాయి ఆముదం మొక్క తెచ్చింది. వాళ్ల ముత్తవ్వ ఊళ్లో బాలింతలందరికీ ఆముదం తీసి ఇచ్చేదట. ఒకడు కరివేపాకు పిలక తెచ్చి, అది మా అమ్మతోపాటు పుట్టింటి నుంచి వచ్చిందని చెప్పాడు. ఇంకొకడు జిల్లేడు తెచ్చాడు. అది చూసి పెద్ద మేడం వరండా దిగి వచ్చారు.

"బడి ముందు జిల్లేడు నాటుతావా? జిల్లేడు మొలిస్తే కొంప పాడవుతుందంటారు, తెలీదూ?"

వాడు తడుముకోలేదు. "రథసప్తమినాడు ఆ ఆకులే నెత్తి మీద ఎట్టుకుని తానం సేత్తాం కదా మేడం. నెత్తి మీద ఎట్టుకుంతే ఏటీ అవదు గాని, పెరట్ల ఎట్టుకుంతే అవుద్దేటి?"

పెద్ద మేడం నవ్వాపుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. జిల్లేడు నిలిచింది. మూడు నెలల్లో దాని ఆకులన్నీ చిల్లులు పడ్డాయి. పసుపు, నలుపు, తెలుపు చారల పురుగులు కనిపించాయి. చీపురు తెస్తానన్న పిల్లల్ని ఆపి, ఆకు చిల్లులు పడితేనే తోట పండినట్టని చెప్పాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నా మొహాన కొట్టడానికి పనికొస్తుంది.

ఒడ్డు నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం మొక్క తేలేదు. చేతిలో ఒక పాత వల ముక్క ఉంది. ముదురు ఎరుపులో, పట్టించిన తుమ్మబెరడు కషాయం వాసనతో, గట్టిపడి ఉంది.

తరగతి గొల్లుమంది. "మొక్క తెమ్మంతే వల తెచ్చీసినాది! దీనికి నీళ్లు పోస్తే సేపలు కాస్తాయేటే?"

ఆ అమ్మాయి తల దించలేదు. "మా ఇంటి సుట్టూ ఇసకే మేస్టారూ. మొక్కెక్కడ తెత్తాను? మా తాతనడిగినాను. మనదేటీ మొక్క లేదు, ఇదే ఉన్నాదని ఇచ్చినాడు. నైలాన్ రాకముందు తాత సొంతంగా కట్టిన వలంట."

సరే, పక్కన పెట్టమ్మా అన్నాను. మైదానంలోంచి నీళ్లు తాగడానికి వచ్చిన డ్రిల్లు మేష్టారు గుమ్మంలోనే ఆగిపోయి ఆ ముక్క చేతిలోకి తీసుకున్నారు. ఒక పోగు విప్పి, వేళ్ల మధ్య నలిపి చూశారు.

"ఒరే, ఎవుడ్రా నవ్వినోడు? ఇది జనుము నార. వరి కోసినాక మీ పొలాల్ల పసువులకి జల్లుతారే, అదే జనుము. మా తాతలు పండించినారు, ఈ గుంట తాత వల కట్టినాడు. మొక్క తేలేదంతారేటి? మీ మొక్కే ఆలింట్ల ఉన్నాది."

మర్నాడు లోపలి ఊరి కుర్రాడు, ముందు రోజు అందరికంటే గట్టిగా నవ్వినవాడే, జేబు నిండా జనుము విత్తనాలు తెచ్చి ఆ అమ్మాయి బల్ల మీద పోశాడు. కంచె పక్కన ఒక మడి వాళ్లిద్దరే తవ్వారు. ఆ వారంలో తరగతిలో వరసలు కలిసిపోయాయి. ఎప్పుడు కలిసిపోయాయో నేను చూడలేదు, చూసేటప్పటికి కలిసే ఉన్నాయి. నా ఉద్యోగంలో నేను చేసిన పనులకన్నా, నా కళ్ల ముందు జరిగిపోయిన ఈ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

జనుము మనిషెత్తు పెరిగి పసుపు పూలు పూసింది. అప్పటి నుంచి ఆ అమ్మాయి తాత బడికి రావడం మొదలుపెట్టారు. చూపు తగ్గి వేట మానేసిన మనిషి. మధ్యాహ్నం మనవరాలి భుజం పట్టుకుని వచ్చి, మడి గట్టు మీద కూర్చుని కాడల్ని చేత్తో తడిమేవారు.

"కోతకొచ్చినాది బాబూ," అన్నారు ఒకరోజు నాతో. "కోసి, మోపులు కట్టి, ఆకు రాలేదాక నిలబెట్టాల. అప్పుడు నీళ్లల్ల ఊరేత్తే నార ఊడొస్తాది. ఈ గుంటకి నార పురెట్టడం నేర్పించీసి, ఒక్క ఇసురువల కట్టిపిస్తాను. కళ్లు పూరాగా పోకముందే ఒక్కటి సూడాలని ఉన్నాది."

మనవరాలు పక్కనే ఉంది. "ఈ తాతకి నైలాన్ వలంతే పడదు మేస్టారూ. అది సేపల్ని మోసం సేస్తాదంట."

"నువ్వూరుకోసే. నీకేటి తెల్సు."

కోత అయింది. పిల్లలు మోపులు కట్టి, కంచె పొడుగునా ఆనించి నిలబెట్టారు. కొద్ది రోజుల్లోనే ఆకు వాడి నల్లబడింది. కాడలు బూడిదరంగుకి తిరిగాయి. అప్పుడే జిల్లా నుంచి అధికారి మా తోట చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది.

ఇక్కడి నుంచి చెప్పడం నాకు కష్టం. అయినా వరసగానే చెబుతాను.

ఆయన వచ్చే ముందు రోజు మధ్యాహ్నం తోట చుట్టూ తిరిగాను. దారికి సున్నం గీతలు, మొక్కమొక్కకీ పేరు రాసిన చెక్కలు, చెక్క మీద ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆ ఇంటి మాట. అన్నీ బాగున్నాయి. ఆ మోపులు మాత్రం కళ్లలో పడ్డాయి. గేటు నుంచి చూస్తే ముందు కనిపించేవి అవే. మొదటి తోట ఎండిపోయినప్పుడు పెద్ద మేడం చూసిన చూపు గుర్తొచ్చింది. రేపు అధికారి కూడా అలాగే చూస్తారని భయం వేసింది. ఆకుకి చిల్లులు పడితే అందం అని చెప్పిన మనిషికి ఎండిన కట్టె చెత్తలా కనిపించింది.

డ్రిల్లు మేష్టార్ని పిలిచి, మగపిల్లల చేత ఆ మోపులు వెనక్కి మోయించి తగలబెట్టించమన్నాను.

"అది ఆ ముసిలాయన సొత్తు మేస్టారూ."

"రేపు ఒక్కరోజు మేష్టారూ. మళ్లీ వేద్దాం, మొలుస్తుంది."

"జనుము మొలుస్తాది. ఆయన కళ్లు మొలుస్తాయేటి? నాను సెయ్యను."

ఒక్కణ్నే మోపులు మోయడం మొదలుపెట్టాను. సగం వరకు వెనక ఖాళీ స్థలానికి చేర్చి, వంటగదిలోంచి అగ్గిపెట్టె తెచ్చి అంటించాను. ఎండిన జనుము కదా, భగ్గుమంది. మిగతావాటి కోసం తిరిగి వచ్చేసరికి మోపుల ముందు ఆ అమ్మాయి కూర్చుని ఉంది.

ఏడవలేదు. అరవలేదు. బాసిపట్టు వేసుకుని నా వంక చూస్తోంది. "లేమ్మా" అన్నాను. లేవలేదు. విత్తనాలు తెచ్చిన కుర్రాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. జిల్లేడు తెచ్చినవాడు, ఆముదం అమ్మాయి, కరివేపాకు వాడు. చూస్తుండగానే కంచె పొడుగునా ఎనిమిదో తరగతి కూర్చుంది. ఒడ్డు పిల్లలూ లోపలి పిల్లలూ ఒకరి పక్కన ఒకరు. నాకు కోపం వచ్చింది. మేష్టారి మాట వినని పిల్లల్ని ఏం చేయాలో నాకు తెలుసు, అప్పటికి అదొక్కటే తెలుసు. పెద్ద మేడాన్ని పిలవడానికి వరండా వైపు తిరిగాను. ఆవిడ అప్పటికే బయటికి వచ్చి, "ఏమిటది? క్లాసు వదిలేసి అక్కడ కూర్చున్నారేం?" అంటున్నారు.

విజిల్ మోగింది.

"ఖోఖో మేడం!" డ్రిల్లు మేష్టారు మైదానంలోంచి పరుగెత్తుకుంటూ వస్తున్నారు. "ఇది నా పీరియడు. ఒరే, వరసగా కూకోండి! ఒకడు ఇటు, ఒకడు అటు మొగం ఎట్టండి! ఇది కొత్త రకం ఖోఖో. లేచినోడు ఔటు!"

పిల్లలకి వివరంగా చెప్పాల్సిన పని లేకపోయింది. ఒకడు ఇటు, ఒకడు అటు తిరిగి కూర్చున్నారు. పెద్ద మేడం ఒక నిమిషం చూసి, ఖోఖోయే అని తృప్తిపడి లోపలికి వెళ్లారు. ఆ వరసకి ఎదురుగా, చేతిలో అగ్గిపెట్టెతో నేను నిలబడ్డాను.

ఆఖరి గంట కొట్టినా ఎవరూ లేవలేదు. నేను బండి తీసి గేటు దాటాకే లేచారట. లోపలి ఊళ్ల పిల్లలకి బస్సు తప్పిపోతే డ్రిల్లు మేష్టారు వాళ్లతో కలిసి పెద్ద రోడ్డు దాకా నడిచారట.

మర్నాడు తెల్లవారుజామున చిన్న జల్లు పడింది. నేను బడికి వెళ్లేసరికి ఎండ వస్తోంది. గేటు దగ్గర పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. ఏదో జరిగిందనుకున్నాను. వాళ్ల తలల మీదుగా చూశాను.

మోపులు కనిపించలేదు. వాటి చోట రెక్కలున్నాయి. నల్లటి రెక్కల మీద లేత నీలం చారలు, చుక్కలు. కట్టె కట్టెకీ, కాయ కాయకీ, వాడిన ఆకు ఆకుకీ వేలాడుతున్నాయి. ఒకటి కదిలితే పక్కది జరిగి చోటిచ్చేది. ఇంకా గాల్లో తిరుగుతున్నవి కూర్చోవడానికి ఖాళీ వెతుక్కుంటున్నాయి. అంత గుంపు చప్పుడు లేకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నా నర్సరీ పూల మీద ఒకటి రెండు వాలితే సంబరపడినవాణ్ని, ఆ ఎండు కట్టెల ముందు చెప్పులు విప్పాలేమో అనిపించింది.

అధికారి వచ్చారు. సున్నం గీతలు, పేర్ల చెక్కలు ఆయన చూడలేదు. నేరుగా మోపుల దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి అడిగారు.

"ఇవి ఇక్కడికే ఎందుకొచ్చాయండీ?"

"ఎండిన జనుముకి వస్తాయండి," అన్నాను. కళ్ల ముందు ఉన్నదాన్నే తిరిగి చెప్పాను కాబట్టి అది అబద్ధం కాదు.

"అంటే, ముందే తెలిసి ఇలా నిలబెట్టించారన్నమాట!"

నేను నవ్వాను. అబద్ధం ఆ నవ్వులో ఉంది.

ఆయన చూపు వెనక ఖాళీ స్థలం మీద పడింది. "మరి ఆ బూడిద ఏమిటి?"

అమ్మాయి ఒక అడుగు ముందుకి వేసింది. "మా సైన్సు మేస్టారే..."

"నానేనండి," డ్రిల్లు మేష్టారి గొంతు మైదానంలో వినిపించినంత గట్టిగా వినిపించింది. "నిన్న సెత్త అనుకుని సగం అంటించీసినాను. డ్రిల్లు మేస్టార్ని కదండి, మొక్కల సంగతి నాకేటి తెలస్తాది?"

అధికారి నవ్వారు. పెద్ద మేడం కూడా నవ్వారు. వెంట వచ్చిన విలేకరి రాసుకున్నాడు. ఇప్పటికీ ఊళ్లు తిరుగుతున్న కథ ఆ నిమిషంలో పుట్టింది. నవ్వు తగ్గకముందే డ్రిల్లు మేష్టారు, మనవరాలితో వచ్చిన ముసలాయన భుజం పట్టుకుని ముందుకి తెచ్చారు. "ఈ జనుము ఈయనదండి. వల కడతాడు. సూపించు మావా."

ముసలాయన గట్టు మీద కూర్చుని, పంచె పైకి తీసి, ఇంటి నుంచి తెచ్చిన పాత నారకి తొడ మీద పురి పెట్టి చూపించారు. అధికారి కూడా కూర్చుని ప్రయత్నించారు. ఆయన పెట్టిన పురి పెట్టినట్టే విడిపోయింది.

"సారుకి ఇంకా సానా పనున్నాది," అంది అమ్మాయి. అందరూ నవ్వారు. ముసలాయన మొహం వెలిగిపోయింది. ఎవరో ఆ మొహాన్ని ఫొటో తీశారు. పేపర్లో మాత్రం నా ఫొటో వచ్చింది.

సాయంత్రం అందరూ వెళ్లాక డ్రిల్లు మేష్టార్ని అడిగాను. "ఎందుకలా చెప్పారు?"

"ఆ గుంట నోరిప్పితే ఆ పొద్దంతా మీ గురించే అయిపోయీది. ముసిలాయన మొగం ఎవులు సూస్తారు? అందుకని." సైకిలెక్కుతూ ఆగారు. "జేబుల అగ్గిపెట్టి తీసీండి మేస్టారూ. పొద్దున్నించి పైకి కనపడతన్నాది."

ఆ సీతాకోకచిలుకలు ఎందుకు వచ్చాయో తర్వాత చదివి తెలుసుకున్నాను. వాడిన జనుములో చేదు పదార్థం ఒకటి ఉంటుంది. నల్ల రెక్కల ఆ జాతిలో మగవి దాన్ని పీల్చుకుంటాయి. పిట్టలు తినకుండా కాపాడేదీ, ఆడవాటిని ఆకట్టుకునేదీ అదే. పచ్చని మొక్క కంటే వాడిన మొక్కే వాటికి కావాలి. ఇది అప్పట్లో నాకు తెలియదు. డ్రిల్లు మేష్టారికీ తెలియదు. ముసలాయనకీ తెలియదు. "మా ఒడ్డునెప్పుడూ సూళ్లేదు బాబూ, మోపులు కట్టినప్పుడు ఉంతే ఉండొచ్చు, సేపల మీదే ద్యాస," అన్నారు. తెలిసి కాపాడినవాళ్లు ఎవరూ లేరు. పిల్లలు ఒక తాత మాట కోసం ఎండు కట్టెల ముందు కూర్చున్నారు. మిగతాది దానంతట అదే వచ్చింది.

నాకు ప్రశంసాపత్రం వచ్చింది. ఆ అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. హాజరు పిలిస్తే "ఎస్ సార్" అనేది, అంతే. మిగిలిన మోపుల్ని కాలువ పక్క గుంటలో ఊరవేశారు. ఆ కంపుకి పెద్ద మేడం వారం రోజులు ముక్కుకి కొంగు అడ్డుపెట్టుకున్నారు గాని వద్దనలేదు. నార వచ్చింది, పురి వచ్చింది, వల మొదలైంది. సగానికి నార అయిపోయింది. ముసలాయన ఆ సగం వలని ఒళ్లో పెట్టుకుని తడిమి, "దీనికి సేపలు పడవు గాని, సూడ్డానికి బాగున్నాది," అన్నారు. ఆయన నన్నొక్క మాట అనలేదు. మిగతా సగం నిజంగా కాల్చింది ఎవరో ఆయనకి తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

మరుసటి ఏడు వానలు పడగానే డ్రిల్లు మేష్టారి ఊరి నుంచి విత్తనాలు తెప్పించి, మడి నేనే తవ్వాను. పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చారు. ఆ అమ్మాయిని పిలిచి విత్తనాలు చల్లమన్నాను.

"ఎండినాక కాల్చరు కదా?" ఆ మంట తర్వాత, హాజరు కాక, నాతో అన్న మొదటి మాట అది.

సొరుగులోంచి ఆ అగ్గిపెట్టె తీసి ఇచ్చాను. తెరిచి చూసింది. పుల్లలన్నీ వంటగదిలో ఆయా చేతిలో పోసి వచ్చి, ఖాళీ పెట్టెలో జనుము గింజలు నింపుకుంది. "వచ్చే ఏటికి," అంది. నా తప్పు క్షమించిందని అనుకోలేదు. పని మొదలైందని అనుకున్నాను.

ఆ ఏడు కార్తీకంలో మళ్లీ మోపులు కట్టారు. మళ్లీ నల్ల రెక్కలు వచ్చాయి. ఈసారి ఎవరినీ పిలవలేదు. పిల్లలు తమ ఇళ్లవాళ్లని తెచ్చి చూపించారు. చేపలు ఎండబెట్టే అవ్వలు, పొలం నుంచి వచ్చిన తండ్రులు ఒకే కంచె దగ్గర నిలబడ్డారు. తర్వాత మిగతా సగం వలని ఆ అమ్మాయి కట్టింది. పాత సగం కాస్త ముదురు, కొత్త సగం లేత. ముసలాయనకి అప్పటికి చూపు దాదాపు పోయింది. వల మొత్తం ఒళ్లోకి తీసుకుని ముడి ముడీ తడుముకుంటూ వచ్చారు. ఒకచోట వేళ్లు ఆగాయి.

"ఇక్కడ సెయ్యి మారినాది."

"నాదే తాతా."

"ముడి సానా బిగువుగా ఉన్నాది. కోపంగా కట్టినావేటే?"

"కోపంగానే కట్టినాను," అని నా వంక చూసింది.

"ఉండనీ. జారదు."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆ వల ఇప్పటికీ ఆ బడి సైన్సు గదిలో గోడకి ఉంది. రెండు రంగుల మధ్య గీత దూరం నుంచే కనిపిస్తుంది. చూడటానికి వెళ్లే యువ టీచర్లు ఎవరైనా ఉంటే ఆ గీత దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అది నేను చేసిన నష్టానికీ, పిల్లలు చేసిన పూడ్పుకీ మధ్య గీత. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా మాట విన్న పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లందరినీ ఇష్టపడతాను. గర్వపడేది మాత్రం ఆరోజు నా మాట వినకుండా కూర్చున్న ఆ తరగతిని చూసే.

ఆ అమ్మాయి ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఇదంతా రాస్తానని చెబితే, "ఇప్పుడా మేస్టారూ!" అని మాత్రం అంది. శిక్షణ జరిగిన మర్నాడు డ్రిల్లు మేష్టారికి కూడా ఫోన్ చేశాను. ఉద్యోగం అయిపోయి పాతపట్నం దగ్గర సొంత ఊళ్లో ఉంటున్నారు. హాల్లో ఏం జరిగిందో చెప్పాను.

"నా వల్ల మీ పేరు పాడైంది మేష్టారూ. సరిచేసి రాస్తాను."

"పేరెక్కడున్నాది మేస్టారూ? డ్రిల్లు మేస్టారు అంతారు, అంతే కదా. జిల్లాల ఎంతమంది డ్రిల్లు మేస్టార్లు లేరు!"

"అయినా రాస్తాను."

"అయితే పూరాగా రాయండి. ఆపొద్దు ఆడింది ఉత్తుత్తి ఖోఖో అని మాత్రం రాయకండి. రూలు ప్రకారమే ఆడించినాను. లేచినోడు ఔటన్నాను, ఒక్క గుంటా లేవలేదు." నవ్వుతూ అన్నారు. "ఆ ఆటల ఔటయింది మీరొక్కరే మేస్టారూ."